అరవయ్యో పేరు

కరపత్రాలను యాభై చొప్పున లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేస్తున్నాడు లింగం. పది కాగితాలకొకసారి కుడి బొటనవేలు నాలుకకు ఆనించుకుంటాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా నున్నటి కాగితాల మీద రుద్దీ రుద్దీ ఆ వేలి గీతలు చెరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ అతని వేలిని పట్టదు. "మిషన్ల నువ్వు లేవు లింగన్నా" అని డీలర్ నెలనెలా నవ్వుతాడు. భార్య అనురాధ పోయి తన వేలు పెట్టి బియ్యం తెస్తుంది.

అనురాధ చాయ్ గ్లాసు తెచ్చి గడప మీద పెట్టింది. ఇబ్రహీంపట్నం బస్టాండు పక్క దుకాణంలో బడి యూనిఫారాలు కుడుతుందామె.

"ఇంకెందరు కావాలె?"

"ఒక్కరు."

"గంతేనా! ఒక్కరైతె దొరుకుతరు తియ్యి."

"దొరికేదాక ఒక్కరంటె వందమందే."

లింగం పీఆర్వో. ఆ మాట వింటే పెద్ద కొలువనిపిస్తుంది. తుర్కయాంజాల్ దాటాక సాగర్ రోడ్డు మీద ఒక ఇనుప సామాను దుకాణం, దాని నెత్తిన మూడంతస్తుల్లో ఒక జూనియర్ కాలేజీ. బళ్లు తిరిగి పదో తరగతి పిల్లల పేర్లు ఆ కాలేజీకి తెచ్చిపెట్టడం అతని పని. ఏటా పరీక్షల ముందు అరవై ఫారాలు నింపించాలి. బస్తా నిండా వడ్లున్నా మూతి కుట్టకపోతే బండి ఎక్కించరు. అరవయ్యో పేరు ఆ కుట్టు. ఈ ఏడు యాభై తొమ్మిది దగ్గర దారం తెగింది. గడువు ఇవాళ్టితో సరి.

చాయ్ సగం తాగేసరికి ఫోను మోగింది. కాలేజీ డీన్ శ్రీశైలం.

"ఎన్నయినయ్ లింగం?"

"యాభై తొమ్మిది సార్."

"ఒక్కటే గదా అనుకుంటున్నవా? ముందు పన్ను ఒక్కటి ఊడినా నవ్వు మొత్తం ఖరాబైతది. అయిదింటి లోపల అరవై ఫారాలు నా టేబుల్ మీదుండాలె. లేకుంటె రేపటి సంది నీ బండి ఇటు తిప్పకు."

నలభై ఆరేళ్ల మనిషిని కొత్తగా ఎవరూ కొలువులో పెట్టుకోరు. ఆ సంగతి డీన్‌కు తెలుసు, లింగానికి ఇంకా బాగా తెలుసు. సంచీ ఎడమ భుజానికి తగిలించుకున్నాడు. ఆ పట్టీ భుజంలో వేలెడు లోతు పల్లం చేసింది. సంచీ లేనప్పుడు కూడా అతను ఎడమకు ఒరిగే నడుస్తాడు.

పన్నెండింటి దాకా మూడు బళ్లు తిరిగాడు. ఒక చోట తనకంటే ముందే ఇద్దరు వచ్చిపోయారు. ఇంకో చోట పిల్లల జేబులకు అప్పటికే వేరే కాలేజీ పేరున్న పెన్నులు వేలాడుతున్నాయి. మూడో బడి హెడ్మాస్టర్ కాలేజీ కానుకగా తెచ్చిన గోడ గడియారం తీసుకుని, పేర్లు మాత్రం నిరుడే ఇంకొకరికి మాటిచ్చానన్నాడు. ఇక మిగిలింది ఊరి చివర జిల్లా పరిషత్ హైస్కూలు. కరుణ టీచర్ బడి.

ఆ బడి పేరు చెబితే పీఆర్వోలు బండి వెనక్కి తిప్పుతారు. వేరే బళ్లలో పది నిమిషాలు ఊదరగొట్టి, కరపత్రాలు పంచి, పేర్లు రాసుకుని బయట పడవచ్చు. ఇక్కడ అట్లా కాదు. కాలేజీ వాళ్లు వస్తారని తెలిసిన రోజు నుంచి పిల్లలు ప్రశ్నలు రాసుకుంటారు. వచ్చినాయన చెప్పిన ప్రతి జవాబూ నోటుబుక్కులో ఎక్కిస్తారు. చివర కింద సంతకం పెట్టమంటారు. ఆ తర్వాతే ఫారాల మాట. గోడ మీద కరుణ టీచర్ సుద్దతో రాసి పెట్టింది: 'చెప్పింది వినాలి. చెప్పనిది అడగాలి.' సంతకం అనేసరికి సగం మందికి అర్జెంటు ఫోన్లు వస్తాయి. లింగం ఏడేళ్లుగా ఈ గేటు తొక్కలేదు.

"రెండున్నరకు పీరియడ్ ఇస్త, జర కూసోండి" అంది కరుణ టీచర్. పొట్టి మనిషి, నెరిసిన జుట్టును గట్టిగా ముడేసుకుంది. లింగం వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. ఎండ కాళ్ల దగ్గరికొచ్చి ఆగింది. ఒక్క పేరు. ఆలోచన ఆ ఒక్కదాని చుట్టే గానుగెద్దులా తిరిగి, ఆరేళ్ల కిందటి ఇంకో ఒక్క పేరు దగ్గర ఆగింది.

కరోనా వచ్చిన ఏడు కూడా ఒకటి తక్కువ పడింది. బళ్లు మూసేశారు, పోవడానికి చోటు లేదు. ఇంట్లో చాప మీద కూర్చుని ఒక ఫారం తనే నింపాడు. పేరు దీక్షిత్. ఆ పేరు పుట్టబోయే కొడుక్కని అనురాధ ఎప్పుడో అనుకుని పెట్టుకున్నది. దవాఖానల చుట్టూ తిరగడం మానేశాక ఇద్దరూ మళ్లీ దాన్ని పలకలేదు. తండ్రి పేరు దగ్గర లింగం అని రాశాడు. ఊరు కొంగరకలాన్, ఇంటి నంబరు తన తండ్రి ఇంటిది. ఆ ఇల్లు ప్లాట్ల కింద పోయి అప్పటికే నాలుగేళ్లు. ఫోన్ నంబరు అనురాధ రీఛార్జ్ చెయ్యడం మానేసిన పాత సిమ్ముది. మార్కుల దగ్గర తొమ్మిది పాయింట్ రెండు వేశాడు, తనకు రాని మార్కులు.

రాని పిల్లల పేర్లు జూన్‌లో కొట్టేస్తారు, ఇదీ పోతుందనుకున్నాడు. కానీ ఆ జూన్‌లో ఎవరూ రాలేదు. పాఠాలు ఫోన్లో, హాజరు కాగితం మీద. పరీక్షల్లేకుండానే అందరినీ పై తరగతికి తోశారు. ఉన్నవాడికీ లేనివాడికీ తేడా చెరిగిపోయిన కాలం అది. ఆ పేరు ఆ జాబితాలోంచి ఇంకో జాబితాలోకి నడిచిపోయింది. సంతలో గొర్రెలు చేతులు మారినట్టు పిల్లల పేర్లు కాలేజీ నుంచి కాలేజీకి మారతాయి. నిరుడు ఒక ఇంజినీరింగ్ కాలేజీ కరపత్రం వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసిన పేర్లలో చూశాడు: ఎల్. దీక్షిత్, కొంగరకలాన్. ఆ కాగితాన్ని చించి మురుగు మోరీలో పారేశాడు.

రెండున్నరకు లోపలికి పోయాడు. ముప్పై నాలుగు మంది. అడుగు పెట్టగానే తలలు లెక్కపెట్టడం అతని కంటికి అలవాటు. నవ్వు ముఖం పెట్టి కాలేజీ గురించి చెప్పాడు. ర్యాంకులన్నాడు, ఏసీ క్లాసులన్నాడు, బస్సన్నాడు, ఒక్కటే బ్రాంచి కాబట్టి శ్రద్ధ ఎక్కువన్నాడు. ఒక్కరూ ఊ కొట్టలేదు, అందరూ రాసుకుంటున్నారు. పెన్నుల చప్పుడు మిడతలు ఆకు తిన్నట్టుంది.

రెండో బెంచీలో అమ్మాయి లేచింది. పేరు శివాని. తండ్రి మల్లేష్ పెద్దచెరువులో చేపలు పడతాడు. ఇంటి దగ్గర వలలు అల్లీ అల్లీ ఆమె చూపుడువేళ్లకు కాయలు కాశాయి.

"సార్, మధ్యల మానేస్తె మా సర్టిఫికెట్లు మాకిస్తరా?"

లింగం చేతిలోని కరపత్రాలను బల్ల మీద పెట్టాడు. పదహారేళ్లప్పుడు తను అడగాల్సిన ప్రశ్న అది. కొంగరకలాన్ బడికి ఒక కాలేజీ తరఫున కోటు వేసుకున్న ఒకాయన వచ్చాడు, అందరికంటే ముందు తనే చెయ్యెత్తాడు. ఆరు నెలలకు ఆ కాలేజీకి తాళం పడింది. సర్టిఫికెట్లు ఇమ్మని పోతే, మేం ఇంకో చోట తెరుస్తున్నాం, పదిమంది పిల్లల్ని తీసుకొస్తే ఇస్తామన్నారు. రెండేళ్లు తిరిగి పదిమందిని తెచ్చాడు. సర్టిఫికెట్లు ఇచ్చారు. అప్పటికి వాటితో పని లేదు. పదకొండో పిల్లాణ్ణి తెచ్చే పనే చేతికొచ్చింది.

"ఇస్తరు" అన్నాడు. "జర ఆలస్యమైతది."

"ఎంత ఆలస్యం?"

"అది... మనిషిని బట్టుంటది."

"మనిషిని బట్టి" అని శివాని రాసుకుంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నిరుడు ఫిజిక్స్ చెప్పిన సార్ ఈ ఏడున్నడా?"

"ఆయన వేరే బ్రాంచికి పోయిండు."

"మీకు ఒక్కటే బ్రాంచని మొదట చెప్పిండ్రు గద సార్."

ఈసారి క్లాసంతా నవ్వింది. కరుణ టీచర్ బల్ల మీద స్కేలుతో ఒక దెబ్బ వేసింది కానీ, ఆమె పెదవి కూడా వంకరపోయింది.

"ఆఖరిది సార్. మీ కాలేజీల చదివినోళ్ల నంబరు ఒకటియ్యుండ్రి. మేమే మాట్లాడి తెల్సుకుంటం."

ప్రతి కాలేజీ ఇందుకోసం, నేర్పిన మాటే చెప్పే ఇద్దరు పెంపుడు పిల్లల్ని ఉంచుకుంటుంది. లింగం జేబులోంచి చీటీ తీయబోయాడు.

"ఆ ఇద్దరియ్యి వద్దు సార్. నిరుడు మీ కాలేజీకెల్లి వేరే సారొచ్చి గవ్వే ఇచ్చిండు. చీటీల రాసుకున్నోళ్లది కాదు, మీకు నోటికి యాదికున్నోళ్లది."

ఇరవై ఎనిమిదేళ్లలో ఎన్ని వందల మందిని చేర్చాడో. నోటికొచ్చే నంబరు ఒక్కటే. దీక్షిత్ ఫారంలో రాసిన అనురాధ పాత సిమ్ముది, ఆరేళ్లకు పైగా చచ్చిన నంబరు. స్విచ్చాఫ్ అనే వస్తుంది, నా నసీబు బాగలేదని నవ్వేసి ఫారాలు తీస్తే సరి. మనసులో లెక్క కట్టుకుని పది అంకెలూ చెప్పేశాడు. కరుణ టీచర్ తన ఫోనులో కొట్టి, స్పీకరు పెట్టి, బల్ల మీద ఉంచింది.

రింగయింది.

లింగం చెయ్యి కుర్చీ వీపును పట్టుకుంది. మూడో రింగుకు ఎత్తారు.

"హలో" అంది ఒక పడుచుపిల్లాడి గొంతు.

"ఎవరు బాబూ?" అంది కరుణ టీచర్.

"దీక్షిత్ మేడం."

ఆ గొంతు వెనక ఏ చప్పుడూ లేదు. ఫ్యాను లేదు, బండ్లు లేవు, మనిషి మసిలే అలికిడి లేదు. మూత పెట్టిన వడ్ల గుమ్మిలోంచి మాట్లాడినట్టుంది. శివాని ఫోను దగ్గరికి వచ్చింది.

"అన్నా, నేను టెన్త్ చదువుతున్న. సాగర్ రోడ్డు మీది కాలేజీల నువ్వు చదివినవంట. ఎట్లుంటది?"

"కిటికి పక్క బెంచి నాది చెల్లె. కింద ఇనుప రాడ్లు దించుతుంటే ఏం ఇనరాదు. రెండేండ్లల్ల ఫిజిక్స్ సార్లు నలుగురు మారిండ్రు. ల్యాబు తాళం తియ్యంగ ఎన్నడు చూడలె."

"హాజరు మంచిగ తీస్కుంటరా?"

"దినాం పిలుస్తరు. ఉన్న సార్ అంటనే ఉంటి. ఎవ్వరికి ఇనరాకపోయేది."

"మరెందుకు చేరినవ్ అన్నా?"

"నేను చేరలె చెల్లె. రాసిండ్రు."

"ఎవరు?"

"మా బాపు. ఆడనే ఉన్నడు గద, బోర్డు కాడ. అంగీకి రెండో గుండీ ఊడింది, చెప్పుండ్రి. ఎప్పుడు గింతే, చూస్కోడు."

ముప్పై నాలుగు తలలు అతని వైపు తిరిగాయి. లింగం చెయ్యి దానంతటదే రొమ్ము మీదికి పోయింది. రెండో గుండీ లేదు, దారప్పోగు మాత్రం వేలికి తగిలింది. పొద్దున అంగీ తొడుక్కున్నప్పుడు అన్ని గుండీలూ పెట్టుకున్నట్టే జ్ఞాపకం. ఫోను ఆగిపోయింది.

"మీ కొడుకా సార్?" అంది శివాని.

లింగం ఆ దారప్పోగును వేలికి చుట్టుకున్నాడు.

"అవ్" అన్నాడు లింగం. తనకో కొడుకున్నాడన్న మాట పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అన్నాడు. దాని బరువు నాలుక మీద కొత్తగా ఉంది.

"కొడుకు తండ్రి మీద అబద్ధం చెప్పడు గద సార్" అని ఆ పిల్ల మెల్లగా నోటుబుక్కు ముందు పెట్టింది. ఫిజిక్స్ సార్లు నలుగురు. ల్యాబు తాళం. ఇనుప రాడ్లు. సర్టిఫికెట్లు మనిషిని బట్టి. అన్నీ వరుసగా ఉన్నాయి. లింగం కింద సంతకం పెట్టాడు.

"నేను పట్నం సర్కారు కాలేజీల చేరుత సార్. ఆడ ల్యాబు తాళం తీసే ఉన్నది, మొన్న మా టీచర్ తీస్కపోయి చూపిచ్చింది. ఏమనుకోకుండ్రి."

"ఏమనుకోను బిడ్డా. మంచిగడిగినవ్" అన్నాడతను.

ఫారం ఒక్కరూ తీసుకోలేదు. పిల్లలు స్పెషల్ క్లాసుకు పక్క హాల్లోకి పోయారు. కరుణ టీచర్ పుస్తకాలు సర్దుకుంటూ అడిగింది. "మీ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నడు?"

"ఈ ఏటితోని ఇంజినీరింగ్ అయిపోతది" అన్నాడు లింగం. అన్నాకగానీ తెలియలేదు, ఆరేళ్లుగా తను ఏడాదికేడాది లెక్క వేసుకుంటూనే ఉన్నానని. "మేడం, జరసేపు ఈడ కూసోని రాస్కుంటనా?"

"కూసోండి. నాలుగున్నరకు తాళమేస్తరు."

ఖాళీ గదిలో ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు. తన ఫోనులోంచి ఆ పది అంకెలూ కొట్టాడు. ఈ నంబరు ఉపయోగంలో లేదంది యంత్రం గొంతు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే. మూడోసారి పెదవులు కదిలిస్తూ ఒక్కో అంకెనూ చూసి కొట్టాడు. లేదు.

అప్పుడే డీన్ ఫోను వచ్చింది.

"ఏమాయె?"

"ఒకటి రాస్తున్న సార్."

"రాస్తున్నవా, దొరికిందా?"

"రాస్తున్న" అని పెట్టేశాడు.

మిగిలిన ఒక్క ఫారం ముందు పరుచుకున్నాడు. శివాని పేరు రాసెయ్యవచ్చు. ఊరు తెలుసు, తండ్రి పేరు తెలుసు. రేపటి నుంచి కాలేజీ వాళ్లు ఆ గడప అరిగేదాకా తిరుగుతారు, మీ పిల్ల మాట ఇచ్చిందని. పెన్ను కాగితం దాకా పోయి ఆగింది. లేకపోతే లేనివాణ్ణి ఇంకొకణ్ణి పుట్టించవచ్చు. పేరు పెట్టి, ఊరు పెట్టి, పలికితే వినబడని బెంచీ మీద వాణ్ణి కూడా కూర్చోబెట్టవచ్చు. వేళ్లు బిగుసుకున్నాయి. ఎడమ భుజం మీద సంచీ లేకపోయినా పట్టీ లాగుతున్నట్టే ఉంది. ఆ లాగుడు రొమ్ము దాకా వచ్చింది.

ఏ తూకానికైనా రెండు పళ్లేలు. ఆరేళ్ల కిందట ఒక పళ్లెంలో లేనివాణ్ణి ఒకణ్ణి ఎక్కించాడు, వాడికి సరితూగేలా రెండో పళ్లెంలో ఉన్నవాణ్ణి ఎవరినీ పెట్టలేదు. ముల్లు అప్పటి నుంచి ఒరిగే ఉంది, తనలాగే.

నల్ల జెల్ పెన్నుతో గుండ్రటి అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాడు. విద్యార్థి పేరు: లింగం. తండ్రి పేరు: బుగ్గయ్య. ఊరు: కొంగరకలాన్. గ్రూపు దగ్గర కొంచెం ఆలోచించి ఎంపీసీ అని రాశాడు. ఆ కోటు వేసుకున్నాయన వచ్చిన రోజు రాసింది కూడా అదే. అన్ని గళ్లూ నిండాయి. ఫొటో గడి, దాని కింద సంరక్షకుని సంతకం గడి మిగిలాయి. బుగ్గయ్య పోయి పద్నాలుగేళ్లు. ఎవరు పెడతారు? ఆ గడిని అట్లాగే వదిలి పెన్ను మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా బెంచీ మీద పడుతోంది. పక్క హాల్లో హాజరు పిలుస్తున్నారు. ఒక్కో పేరుకూ 'ఉన్న టీచర్' అంటున్నారు. అతను తల వాల్చి వింటూ కూర్చున్నాడు.

నాలుగున్నరకు బడి ఊడ్చే బాలనర్సమ్మ చీపురుతో వచ్చింది.

"ఓ సారూ, లెవ్వు. తాళమెయ్యాలె."

పలకలేదు. బెంచీ మీద చెంప ఆనించి, చంటిపిల్లాడు పడుకున్నట్టు పడుకున్నాడు. భుజం తట్టింది. చెయ్యి ముట్టుకుంది. కొత్త కుండ నీళ్లంత చల్లగా ఉంది. "అయ్యో టీచరమ్మా" అని ఆమె పెట్టిన కేకకు హాల్లో పాఠం ఆగిపోయింది.

అంబులెన్సు వచ్చింది. గంట సేపయింది పోయి అని అందులో వచ్చినతను చెప్పాడు. అనురాధ ఆటోలో వచ్చింది. చీర కొంగుకు నీలం దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. ఏడవలేదు. "పొద్దుగాల చాయ్ సగమే తాగిండు" అంది. మళ్లీ అదే మాట అంది.

శివాని స్తంభం పక్క నిలబడి ఉంది. "అమ్మా, మీ కొడుక్కి చెప్పిండ్రా?"

అనురాధ ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"మాకు పిల్లలు లేరు బిడ్డా."

శివాని నోటుబుక్కును రొమ్ముకు ఇంకా గట్టిగా హత్తుకుంది. కరుణ టీచర్ తన ఫోను తీసి, మధ్యాహ్నం కొట్టిన నంబర్ల వరుస చూసింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. ఆ నంబరు ఎక్కడా లేదు. ఫోను సంచీలో పెట్టుకుంది.

బండి గేటు దాటాక గదికి తాళం వెయ్యడానికి ఆమే పోయింది. ఆఖరి బెంచీ మీద ఆ ఫారం ఒక్కటే ఉంది. అన్ని గళ్లలోనూ నల్ల అక్షరాలు ఎప్పుడో ఆరిపోయి ఉన్నాయి. సంరక్షకుని సంతకం దగ్గర మాత్రం నీలం సిరాతో, పడుచు చేతిరాతలో, దీక్షిత్ అని ఉంది. ఆ సంతకం చివరి గీత ఇంకా తడిగా మెరుస్తోంది.